బోరు మోటారు మాట ఇంటికి చేరాలంటే: నాయిస్‌కు, ఇంటర్‌ఫియరెన్స్‌కు తట్టుకునే రేడియో సిగ్నల్‌ను తయారుచేసుకోవడం

పొలం ఊరికి మూడు కిలోమీటర్ల దూరం. అక్కడ బోరు మోటారు నడుస్తోందా, ఫేజు పోయి ఆగిపోయిందా, నీళ్లు అందక వట్టిగా తిరుగుతోందా అన్నది ఇంట్లో ఉన్నవాళ్లకు తెలియాలి. తెలియకపోతే వైండింగ్ కాలుతుంది, మోటారు పైకి లాగాల్సి వస్తుంది. పొలంలో సెల్ సిగ్నల్ సరిగా ఉండదు. అందుకే మావి, చుట్టుపక్కల వాళ్లవి కలిపి పన్నెండు బోర్ల దగ్గర లోరా (తక్కువ పవర్‌తో దూరం మాట పంపే రేడియో పద్ధతి) పెట్టెలు పెట్టాం. ఆ పని చేస్తూ నేర్చుకున్నదంతా వరుసగా రాస్తున్నాను. మీది చేపల చెరువైనా, కాలువ తూమైనా పద్ధతి ఇదే.

మాట చేరడం లేదంటే మనకు ముందుగా తట్టేది పవర్ పెంచడం. పవర్‌ను రెట్టింపు చేస్తే వచ్చేది 3 డెసిబెల్స్ (సిగ్నల్ బలాన్ని రెట్లలో కొలిచే లెక్క) మాత్రమే, పైగా దానికి చట్టం పెట్టిన హద్దు ఉంది. మన దగ్గర దండిగా ఉన్నది సమయం. మోటారు గంటకు నాలుగు ముక్కలు చెప్తే చాలు. సిగ్నల్ నాయిస్ (అక్కర్లేని రేడియో రొద) కంటే బలహీనంగా ఉన్నా, వేగం తగ్గించుకుంటే మాట తప్పుల్లేకుండా దాటించవచ్చని 1948లోనే గణిత శాస్త్రవేత్త క్లాడ్ షానన్ లెక్క కట్టి చూపించాడు. మీ ఫోన్‌లోని జీపీఎస్ రోజూ చేసే పని అదే. ఉపగ్రహం సిగ్నల్ నేల మీదికి వచ్చేసరికి సుమారు మైనస్ 128 డీబీఎం ఉంటుంది (డీబీఎం అంటే ఒక మిల్లీవాట్‌తో పోల్చి చెప్పే డెసిబెల్స్, మైనస్ అంకె పెరిగేకొద్దీ బలం తగ్గినట్టు). ఆ బ్యాండ్‌విడ్త్‌లో నాయిస్ మైనస్ 111 దగ్గర ఉంటుంది. అంటే సిగ్నల్ నాయిస్‌లో పూర్తిగా మునిగే ఉంటుంది, అయినా ఫోన్ దాన్ని పైకి తీస్తుంది. ఆ సమయాన్ని ఎక్కడ, ఎంత ఖర్చు పెట్టాలో తేల్చుకోవడమే మన డిజైన్.

1. చెప్పాల్సిన మాటను చిన్నది చేయండి

రేడియో గురించి ఆలోచించే ముందు కాగితం మీద మెసేజ్ రాయండి. చాలామంది "మోటార్ ఈజ్ రన్నింగ్, కరెంట్ ఈక్వల్స్..." అని అక్షరాల్లో పంపిస్తారు, 60 బైట్లు పోతాయి. మేము పంపేది 10 బైట్లు: పెట్టె నంబరుకు 1, మెసేజ్ వరుస సంఖ్యకు 2, మోటారు స్థితికి, మూడు ఫేజులకు కలిపి 1, ఆంపియర్లకు 1, ఓల్టేజీకి 1, ఇది మన పెట్టె పంపిందే అని రుజువు చేసే రహస్య కోడ్‌కు 4. ఆంపియర్లు పూర్తి దశాంశాలతో అక్కర్లేదు. సున్నా నుంచి 51 వరకు 0.2 చొప్పున చెప్పడానికి ఒక్క బైటు సరిపోతుంది.

మెసేజ్ ఎంత పొట్టిగా ఉంటే గాలిలో అంత తక్కువసేపు ఉంటుంది, ఇంకొకరి సిగ్నల్ దాని మీద పడే అవకాశం అంత తగ్గుతుంది. ఇక్కడ మిగుల్చుకున్న సమయాన్ని తర్వాత నెమ్మదిగా మాట్లాడటానికి, మళ్లీ చెప్పడానికి వాడుకుంటాం.

2. గాలిలో ఏముందో ముందు వినండి

ఏ పరికరమూ లేని చోట కూడా నాయిస్ ఉంటుంది. మామూలు ఉష్ణోగ్రతలో అది ఒక హెర్ట్జ్‌కు మైనస్ 174 డీబీఎం. మనం వాడబోయే 125 కిలోహెర్ట్జ్ వెడల్పుకు దానికి 51 కలపాలి, రిసీవర్ సొంతంగా చేర్చే నాయిస్‌కు ఇంకో 6 కలపాలి. మైనస్ 117 వస్తుంది. ఇది పుస్తకం లెక్క. మీ ఇంటి డాబా మీద అసలు ఎంత ఉందో కొలిస్తేనే తెలుస్తుంది.

కొలవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ అనే యూఎస్‌బీ డాంగిల్‌ను ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే, గాలిలో ఏ ఫ్రీక్వెన్సీలో ఏముందో తెర మీద పారుతున్న నీళ్లలా కనిపిస్తుంది. అది లేకపోతే లోరా మాడ్యూల్‌నే రిసీవ్‌లో ఉంచి, ఎవరూ పంపనప్పుడు ఆర్‌ఎస్‌ఎస్‌ఐ (అందుతున్న రేడియో బలం) ఎంత చూపిస్తుందో నిమిషానికోసారి రాయించండి. ఏది చేసినా 24 గంటలు వదలకుండా చేయండి. పగలు ఒక గంట కొలిచి ఊరుకుంటే సాయంత్రం సంగతి తెలియదు. మా ఇంట్లో సాయంత్రం ఆరు దాటితే నాయిస్ పైకి లేచేది. ఒక్కో స్విచ్చీ ఆపుకుంటూ వెళ్తే వరండాలోని రెండు చవక ఎల్‌ఈడీ బల్బుల దగ్గర ఆగింది. వాటిని మార్చాక సగం బాధ తీరింది. మిగిలినది ఇన్వర్టర్‌ది. రిసీవర్‌ను దానికి దూరంగా, డాబా రెండో మూలకు మార్చాం. చివరికి మా దగ్గర తేలిన అంకె మైనస్ 107, పుస్తకం లెక్క కంటే 10 డెసిబెల్స్ ఎక్కువ. డిజైన్‌కు ఈ అంకెనే తీసుకోవాలి.

ఇక్కడే ఒక విషయం మనసులో పెట్టుకోండి, చాలామంది దీని దగ్గరే పొరబడతారు. నాయిస్ దెబ్బతీసేది వినే చోట. స్టార్టర్ పెట్టెలో కాంటాక్టర్ (మోటారుకు కరెంటు కలిపే, తెంచే స్విచ్చు) ఎంత మెరిసినా, పొలం నుంచి ఇంటికి వచ్చే మాటకు దానివల్ల పెద్దగా నష్టం లేదు, ఎందుకంటే వినేది ఇల్లు. ఇంటి నుంచి "మోటారు ఆపు" అని పంపినప్పుడు మాత్రం వినేది ఆ స్టార్టర్ పక్కనున్న పెట్టె. కాబట్టి రెండు దారులనూ రెండు వేర్వేరు లింకులుగా లెక్కేయండి. ఇంటికి వచ్చే మాటకు సరిపోయిన సెట్టింగు పొలానికి పోయే మాటకు సరిపోకపోవచ్చు.

3. బ్యాండ్, చానెల్

మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోవడానికి 2005 నుంచి 865–867 మెగాహెర్ట్జ్ బ్యాండ్ ఉంది, 2021లో దాన్ని 868 వరకు పెంచారు. ట్రాన్స్‌మిటర్ పవర్ 1 వాట్‌కు, యాంటెన్నాతో కలిపి వెలువడేది 4 వాట్లకు, చానెల్ వెడల్పు 200 కిలోహెర్ట్జ్‌కు మించకూడదు. 125 కిలోహెర్ట్జ్ లోరా ఇందులో చక్కగా ఇముడుతుంది. 250 పెడితే హద్దు దాటినట్టే. లోరావాన్‌కు (లోరా మీద నడిచే నెట్‌వర్క్ ప్రమాణం) భారత్ కోసం నిర్ణయించిన చానెళ్లు 865.0625, 865.4025, 865.985 మెగాహెర్ట్జ్.

నెట్‌లో దొరికే ఉదాహరణ ప్రోగ్రాముల్లో 915 అనో 868 అనో రాసి ఉంటుంది. దాన్ని అలాగే వదిలేయకండి. 915 మన దగ్గర సెల్ కంపెనీల 900 బ్యాండ్ అంచు, 890 నుంచి 915 వరకు ఫోన్లు టవర్‌తో మాట్లాడేది అక్కడే. ఆ అంకె మార్చడం మీ మొదటి బాధ్యత.

రెండో ముప్పు ఎదుటివైపు నుంచి. సెల్ టవర్లు 850 బ్యాండ్‌లో కిందికి పంపే సిగ్నల్ 869 దగ్గర మొదలవుతుంది. మన బ్యాండ్ 868 దగ్గర ఆగుతుంది. మధ్యలో ఎడం 1 మెగాహెర్ట్జ్! మీ ఇంటికి దగ్గర్లో టవర్ ఉంటే ఆ బలానికి రిసీవర్ ముందుభాగం మొద్దుబారుతుంది. ఆర్‌ఎస్‌ఎస్‌ఐ బాగానే కనిపిస్తూ మెసేజ్‌లు మాత్రం పోతుంటే దీన్ని అనుమానించండి. 865.0625 వైపుకు జరగండి, ఎడం సుమారు 4 మెగాహెర్ట్జ్ అవుతుంది. అప్పటికీ తగ్గకపోతే యాంటెన్నాకూ రిసీవర్‌కూ మధ్య 866 కోసం చేసిన ఫిల్టర్ పెట్టాలి. ఇక్కడ పవర్ పెంచి ప్రయోజనం లేదు.

4. డబ్బు లెక్కలాగే డెసిబెల్స్ లెక్క

ఇది జమాఖర్చుల పద్దు. ట్రాన్స్‌మిటర్ ఇచ్చేది 14 డీబీఎం, అంటే 25 మిల్లీవాట్లు. రెండు యాంటెన్నాలు చెరి 2 కలుపుతాయి. రెండు కేబుళ్లు చెరొకటి తింటాయి. నికరంగా చేతిలో 16.

ఇప్పుడు దారి ఖర్చు. అడ్డేమీ లేని శూన్యంలో 3 కిలోమీటర్లకు, 866 మెగాహెర్ట్జ్ దగ్గర 100.7 డెసిబెల్స్ పోతాయి. కానీ మనం ఉన్నది నేల మీద. నేల నుంచి తిరిగి లేచే తరంగం అసలు తరంగాన్ని కొంత చంపేస్తుంది. పొలంలో యాంటెన్నా 3 మీటర్ల ఎత్తులో, డాబా మీద 9 మీటర్ల ఎత్తులో ఉంటే నష్టం 110.5కు చేరుతుంది. దారిలో మామిడి తోట, ఊరి ఇళ్లు ఉన్నాయి కాబట్టి మేము ఇంకో 15 వేసుకున్నాం. 16 లోంచి 125.5 తీసేస్తే మైనస్ 109.5 డీబీఎం. నాయిస్ మైనస్ 107. అంటే సిగ్నల్ నాయిస్ కంటే 2.5 డెసిబెల్స్ కిందే ఉంది.

ఈ అంకె చూసి టెన్షన్ పడకండి. దీన్ని దాటించే దారి తర్వాతి మెట్టులో ఉంది. అయితే ఎత్తు విలువ ఎంతో ఈ లెక్కలోనే చూసుకోండి. పొలంలో యాంటెన్నాను 3 నుంచి 6 మీటర్లకు లేపితే 6 డెసిబెల్స్ వస్తాయి. పవర్‌ను నాలుగు రెట్లు చేసినా వచ్చేది అంతే. ఒక జీఐ పైపు ముక్క ఖర్చుతో పని అయిపోతుంది. పైగా ఎత్తు వల్ల వచ్చే లాభం పంపేటప్పుడూ వినేటప్పుడూ రెండుసార్లూ దక్కుతుంది.

ఇంకో సంగతి: సర్వేను ఎండాకాలంలో ఖాళీ పొలంలో చేసి సంతోషపడొద్దు. మేము మేలో కొలిచాం, అంతా బ్రహ్మాండంగా వచ్చింది. ఆగస్టుకల్లా పక్క చేనులో మొక్కజొన్న యాంటెన్నాను మించి పెరిగింది. వాన పడి ఆకులు తడిసిన రోజున రెండు పెట్టెలు పూర్తిగా మూగబోయాయి. పైన వేసుకున్న 15లో ఆ చేను లేదు. పంట నిండుగా ఉన్నప్పటి పరిస్థితినే లెక్కలో వేసుకోండి.

5. సిగ్నల్ ఆకారం: నెమ్మదిగా, వెడల్పుగా

సంగీతంలో జారు గమకం వింటే స్వరం కింది నుంచి పైకి జారుతూ పోతుంది కదా. లోరా చేసేది అదే. చానెల్ కింది అంచు నుంచి పై అంచుకు ఫ్రీక్వెన్సీ జారుతుంది, అంచు తగలగానే మళ్లీ కింద మొదలవుతుంది. ఎక్కడ మొదలుపెట్టి జారిందన్నదే అందులోని సమాచారం. స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ (ఒక్కో జారు ఎంత నెమ్మదిగా సాగాలో చెప్పే అంకె) 10 అయితే మొదలయ్యే చోట్లు 1024, ఒక్క జారుకు 10 బిట్లు, అది పట్టే సమయం 8.192 మిల్లీసెకన్లు.

రిసీవర్ ఈ జారును ఎదురు జారుతో గుణిస్తుంది. దాంతో అంతసేపటి శక్తీ ఒకే ఫ్రీక్వెన్సీ గడిలోకి వచ్చి పోగవుతుంది. నాయిస్‌కు ఆ క్రమం లేదు, అది 1024 గడుల్లోకీ చెల్లాచెదురవుతుంది. ఒకే ఫ్రీక్వెన్సీలో కూర్చున్న ఇంటర్‌ఫియరెన్స్ (అడ్డుపడే ఇతరుల సిగ్నల్) కూడా ఈ గుణకారంతో అలాగే పలచబడిపోతుంది. కాంటాక్టర్ స్పార్కు మిల్లీసెకను లోపు అయిపోతే, మిగిలిన ఏడు మిల్లీసెకన్ల శక్తితో రిసీవర్ చాలాసార్లు ఆ సింబల్‌ను, అంటే ఆ ఒక్క జారును, గుర్తుపట్టగలదు. నాయిస్‌లో మునిగిన సిగ్నల్ పైకి లేచేది ఇలాగే.

ఎస్ఎక్స్1276 అనే లోరా చిప్‌లో స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ 7కు సిగ్నల్ నాయిస్ కంటే 7.5 డెసిబెల్స్ కింద ఉన్నా చాలు. ఒక్కో మెట్టు ఎక్కితే ఇంకో 2.5 కిందికి దిగవచ్చు. 10కి మైనస్ 15, 12కి మైనస్ 20. ప్రతి మెట్టుకూ సమయం దాదాపు రెట్టింపవుతుంది. మన 10 బైట్ల మెసేజ్‌కు 7లో 41 మిల్లీసెకన్లు, 10లో 289, 12లో 991.

"అయితే 12 పెట్టేస్తే పోలా" అని అడిగారు మా బాబాయి. ఆ ప్రశ్నకు లెక్కతోనే జవాబు చెప్పాలి. మన సిగ్నల్ మైనస్ 2.5 దగ్గర ఉంది. 10లో మిగులు 12.5 డెసిబెల్స్, 12లో 17.5. ఆకులు, గోడల నుంచి తిరిగొచ్చే తరంగాలు కలిసి సిగ్నల్‌ను ఒక్కోసారి పాతాళానికి తొక్కేస్తాయి. ఇలాంటి ఫేడింగ్‌లో మిగులు 12.5 ఉంటే నూటికి ఐదారు మెసేజ్‌లు పోతాయి, 17.5 ఉంటే సుమారు రెండు పోతాయి. ఇప్పుడు 10లోనే మూడుసార్లు చెప్పామనుకోండి. పట్టే సమయం 867 మిల్లీసెకన్లు, 12లో ఒక్కసారి చెప్పేదానికంటే తక్కువే. మూడూ పోయే అవకాశం పదివేలకు రెండు!

ఈ లెక్క నిజమవ్వాలంటే మూడు ప్రయత్నాలూ ఒకదానికొకటి సంబంధం లేకుండా ఉండాలి. వెంటవెంటనే చెప్తే మూడూ ఒకే గుంటలో పడతాయి. మధ్యలో కొన్ని సెకన్లు విడవండి, ప్రతిసారీ చానెల్ మార్చండి (రిసీవర్ మూడు చానెళ్లనూ వినగలిగేదై ఉండాలి). గాలి కదలని రోజున అదీ చాలకపోవచ్చు, అప్పుడు యాంటెన్నా నిలబడిన చోటే గుంటలో ఉందని అర్థం. మా నాలుగో బోరు దగ్గర యాంటెన్నాను జానెడు పక్కకు జరిపితే సిగ్నల్ 10 డెసిబెల్స్ లేచింది. ఈ తరంగం పొడవు 35 సెంటీమీటర్లు, అందులో సగం జరిగినా అంతా మారిపోతుంది. డాబా మీద రెండు యాంటెన్నాలు, రెండు రిసీవర్లు పెట్టుకోగలిగితే ఇంకా మంచిది.

6. తప్పులు దిద్దే కోడ్

దీన్ని త్వరగా ముగిద్దాం. లోరాలో కోడింగ్ రేటు (ప్రతి 4 బిట్ల సమాచారానికి మొత్తం ఎన్ని బిట్లు పంపుతామన్నది) 4/5 నుంచి 4/8 వరకు ఉంటుంది. 4/5, 4/6 తప్పు పట్టగలవు గానీ దిద్దలేవు. 4/7, 4/8 ఒక్కో కోడ్ ముక్కలో ఒక బిట్ తప్పును దిద్దుతాయి. ఒక సింబల్ పాడైతే దాని బిట్లు వేర్వేరు కోడ్ ముక్కల్లోకి పడేలా లోరా ముందే కలిపి పంచుతుంది, కాబట్టి ఒక స్పార్కు చేసిన గాయం ఒక్కో ముక్కలో ఒక్కో బిట్‌గా చీలి దిద్దడానికి వీలవుతుంది. 4/8కి మన మెసేజ్ 289 నుంచి 362 మిల్లీసెకన్లు అవుతుంది. మేము పొలం నుంచి ఇంటికి 4/5, స్టార్టర్ పక్కన వినాల్సిన ఆదేశాలకు 4/8 పెట్టాం.

7. అందరూ ఒకేసారి మాట్లాడకుండా

బయటి నాయిస్ కంటే మమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టింది మా పెట్టెలే. పన్నెండూ పది నిమిషాలకోసారి మాట్లాడితే ఒకదాని మీద ఒకటి పడే అవకాశం నూటికి ఒకటి మాత్రమే. లెక్క బాగానే ఉంది. కానీ ప్రతి తెల్లవారుజామున, కచ్చితంగా త్రీఫేజ్ కరెంటు వచ్చే వేళకు, సగం పెట్టెల మాట రాలేదు. రైతుకు అన్నిటికంటే కావాల్సిన కబురు ఆ క్షణానిదే: కరెంటు వచ్చింది, మోటారు ఎక్కిందా లేదా?

లాగ్ తెరిచి చూస్తే అర్థమైంది. ఆటో స్టార్టర్లన్నీ కరెంటు రాగానే మోటార్లు వేస్తాయి. ప్రతి పెట్టే అదే సెకనులో "మోటారు ఎక్కింది" అని చెప్పబోతుంది. పన్నెండు గొంతులు ఒకే చానెల్‌లో. పైగా అవి పోగానే అన్నీ సరిగ్గా 5 సెకన్ల తర్వాత మళ్లీ ఒకేసారి చెప్పేవి, ఎందుకంటే అందరికీ రాసింది ఒకే ప్రోగ్రాము.

మందు చిన్నదే. కరెంటు వచ్చాక ప్రతి పెట్టె 0 నుంచి 90 సెకన్లలో ఏదో ఒక క్షణాన్ని లాటరీ తీసినట్టు ఎంచుకుంటుంది. లాటరీ విత్తును పెట్టె సీరియల్ నంబరు నుంచి తీయండి, లేకపోతే అన్నిటికీ ఒకే సంఖ్య వస్తుంది. దీంతో ఢీకొనే అవకాశం నూటికి ఏడుకు తగ్గింది. ఇంటి నుంచి "అందింది" అన్న జవాబు రాకపోతే మళ్లీ లాటరీ తీసి చెప్తుంది, ప్రతిసారీ వ్యవధి పెంచుకుంటూ. మాట్లాడే ముందు చానెల్‌లో ఎవరైనా ఉన్నారా అని వినే వీలు చిప్‌లోనే ఉంది, దాన్నీ వాడండి. అయితే తోటకు అటువైపున్న పెట్టె మాట మీ పెట్టెకు వినపడకపోవచ్చు కాబట్టి దాని మీదే ఆధారపడలేం.

8. యాంటెన్నా, కేబుల్, స్టార్టర్ పెట్టె

యాంటెన్నాను ఇనుప స్టార్టర్ పెట్టెలో పెట్టి మూత వేస్తే పైన చేసిన లెక్కంతా వృథా. యాంటెన్నా బయట, నిలువుగా, ఇనుప పైపు పక్కన కాకుండా దాని కొన మీద ఉండాలి. కేబుల్ ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. సన్నటి ఆర్‌జీ-174 మీటరుకు సుమారు ఒక డెసిబెల్ తింటుంది, డాబా మీద నుంచి పది మీటర్లు దింపితే పదో వంతు మిగులుతుంది. కేబుల్ దించే బదులు రేడియోనే పైకి ఎక్కించి, వాన తడవని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, కిందికి కరెంటు, డేటా తీగలు లాగండి. జాయింట్లకు నీళ్లు దిగకుండా స్వీయంగా అతుక్కునే రబ్బరు టేపు చుట్టండి. పిడుగుల భయం ఉంటుంది కాబట్టి పైపును ఎర్త్ చేయడం, కేబుల్‌కు పిడుగు అరెస్టర్ పెట్టడం మరవొద్దు.

స్టార్టర్ వైపు నాయిస్‌ను పుట్టిన చోటే ఆపాలి. కాంటాక్టర్ కాయిల్‌కు సమాంతరంగా, ఆ కాయిల్ ఓల్టేజీకి తగిన ఆర్‌సీ స్నబ్బర్ (స్పార్కును అణచే రెసిస్టర్, కెపాసిటర్ జత) వేయించండి. చాలా స్టార్టర్లలో కాయిల్ మీద 415 ఓల్టులుంటాయి, ఫ్యూజులు పీకి, కరెంటు లేదని టెస్టర్‌తో చూసుకున్నాకే ఎలక్ట్రీషియన్‌తో చేయించాలి. రేడియో పెట్టెకు వచ్చే సరఫరా తీగను ఫెరైట్ రింగులో మూడు చుట్లు తిప్పండి. రేడియో తీగలు మోటారు తీగల పక్కనే పారకుండా చూడండి.

9. మాట పోయినా మోటారు పాడవకూడదు

ఎంత చేసినా ఏదో ఒక రోజు మాట పోతుంది. ఆదేశాన్ని "మార్చు" అని పంపకండి. "మార్చు" రెండుసార్లు చేరితే ఆగాల్సిన మోటారు మళ్లీ ఎక్కుతుంది. "ఆపు" అని పంపితే పదిసార్లు చేరినా ఆగే ఉంటుంది. వరుస సంఖ్య పాతదైతే పెట్టె ఆ ఆదేశాన్ని పట్టించుకోకూడదు, రహస్య కోడ్ తప్పైతే అసలే వద్దు. "నడువు" అన్న ఆదేశంతో పాటే ఎన్ని నిమిషాలో చెప్పండి. ఆ తర్వాత ఇంటి నుంచి మళ్లీ మాట రాకపోతే మోటారు తనంతట తాను ఆగాలి. ఫేజు పోయినా, ఆంపియర్లు పడిపోయి వట్టిగా తిరుగుతున్నా ఆపే నిర్ణయం పెట్టెదే. దానికి రేడియో అనుమతి కోసం ఎదురుచూడకూడదు.

10. కొలుస్తూ ఉండండి

ప్రతి మెసేజ్‌తో రిసీవర్ ఇచ్చే ఆర్‌ఎస్‌ఎస్‌ఐ, ఎస్‌ఎన్‌ఆర్ (నాయిస్ కంటే సిగ్నల్ ఎన్ని డెసిబెల్స్ పైన లేదా కింద ఉందన్నది), వరుస సంఖ్య మూడూ ఫైలులో రాయండి. వరుస సంఖ్యల్లో ఖాళీలు ఎన్ని మెసేజ్‌లు పోయాయో చెప్తాయి. ఆర్‌ఎస్‌ఎస్‌ఐ, ఎస్‌ఎన్‌ఆర్ రెండూ కలిసి తగ్గుతుంటే దారిలో ఏదో పెరిగింది, యాంటెన్నా ఒరిగింది, లేదా కేబుల్‌లో నీళ్లు దిగాయి. ఎస్‌ఎన్‌ఆర్ ఒక్కటే పడిపోతే వినే చోట నాయిస్ పెరిగింది. అన్ని పెట్టెలకూ ఒకేసారి పడితే ఇంటివైపు చూడండి, ఒక్కదానికే పడితే పొలానికి వెళ్లండి.

మొక్కజొన్న సంగతి తెలిశాక మేము పొలాల్లోని యాంటెన్నాలన్నిటినీ 6 మీటర్లకు లేపాం. ఆ తర్వాతి ఆగస్టులో, నిలువెత్తు చేను మధ్య, వాన కురుస్తుండగా లాగ్ చూశాను. నాలుగో బోరు ఎస్‌ఎన్‌ఆర్ మైనస్ 9. తెల్లవారుజామున 4 గంటలకు కరెంటు వచ్చింది, 90 సెకన్లలో తొమ్మిది పెట్టెలు, మిగతా మూడూ రెండో ప్రయత్నంలో పలికాయి.